చిరునామా తెలిసిన అణువులు
జీవకణంలో సరుకుల రవాణా – చిన్న ప్రోటీన్ల పాత్ర

సత్వాలో ఒక ఇల్లు ఎక్కడ ఉన్నదో చెప్పవలసి వచ్చినపుడు ఎవరూ ఇంటి నెంబరుతో ప్రారంభించరు. బస్ స్టేషను నుండి ఎటు తిరగాలో, ఏ మసీదు దాటాలో, ఏ దర్జీ దుకాణం పక్క సందులోకి మళ్ళాలో చెబుతారు. ఉత్తరాలు ఇంటికి రావు, పోస్టు పెట్టెకు వస్తాయి. ఇప్పుడు దుబాయిలో ప్రతి భవనద్వారానికి పది అంకెల మకాని సంఖ్య ఉన్నది గాని, నోటిమాట చిరునామాకు గిరాకీ తగ్గలేదు. అయినప్పటికీ భీమవరం నుండి పంపిన ఆవకాయ జాడీ తప్పకుండా ఆ ఇంటికే చేరుతుంది. దారిలోని ప్రతి మలుపు దగ్గర ఒక గుర్తు ఉండటం, ఆ గుర్తును చదవగలిగిన మనిషి ఉండటం, ఈ రెండే దానికి కారణాలు.

మన శరీరంలోని ప్రతి కణమూ ఇటువంటి పేటయే. కంటికి కనిపించనంత చిన్నదైన ఆ పేటలో వేలాది రకాల ప్రోటీన్లు తయారవుతాయి. వాటిలో కొన్ని కణం వెలుపలికి పోవాలి, కొన్ని పైపొరలో కుదురుకోవాలి, మరికొన్ని లోపలి గదులకు చేరాలి. ఈ రవాణాను చూచుకొనే కేంద్ర కార్యాలయం ఏదీ కణంలో లేదు. ఆ పనిని నడిపించేవి కొన్ని చిన్న ప్రోటీన్లు. అవి ఎట్లా పనిచేస్తాయో, వాటిలో ఒక్కటి లోపించినపుడు ఒక కుటుంబం మీద ఎంత భారం పడుతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. రెండవ విషయం మన తెలుగువారి పెళ్ళి సంబంధాలతో ముడిపడినది కనుక, ఇందలి రసాయనశాస్త్రం కొంచెం కఠినంగా తోచినా చివరివరకు చదవవలసినదిగా ప్రార్థన.

కణంలోని గదులు, బుడగలు

కణం లోపల అనేక గదులు ఉన్నాయి. వాటి గోడలు కొవ్వు అణువులు రెండు వరుసలుగా పేర్చుకొనగా ఏర్పడిన పలుచని పొరలు. ఎగుమతి కావలసిన ప్రోటీన్లు అంతర్జీవద్రవ్యజాలం అనే గదులలో తయారవుతాయి. అక్కడినుండి గాల్జీ సంక్లిష్టం అనే మరొక గదుల దొంతరకు వెళ్ళి, తుదిమెరుగులు దిద్దుకొని, వర్గీకరణ పొంది, తమ తమ గమ్యాలకు బయలుదేరుతాయి. ఈ మార్గాన్ని మొదట స్పష్టంగా చూపినవాడు జార్జ్ పాలడే. క్లోమగ్రంథి కణాలలో కొత్తగా పుట్టిన ప్రోటీన్లకు రేడియోధార్మిక గుర్తు పెట్టి, అవి నిమిష నిమిషానికి ఏ గదిలో ఉన్నాయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆయన గమనించాడు. అందుకు 1974లో నోబెల్ బహుమతి లభించింది.

ఒక గది నుండి మరొక గదికి సరుకు నేరుగా దూకదు. మొదటి గది గోడ ఒకచోట ఉబ్బి, చిన్న బుడగగా తెగిపోతుంది. దాని వ్యాసం సాధారణంగా మిల్లీమీటరులో పదివేలవ వంతుకు మించదు. సరుకును తనలో నింపుకొని ఆ బుడగ రెండవ గది గోడను చేరి, అందులో కలసిపోతుంది. అన్ని గదుల గోడలూ ఇంచుమించు ఒకే జాతి కొవ్వులతో నిర్మితమైనవే. అటువంటపుడు ఒక బుడగ తన గమ్యాన్ని ఎట్లా గుర్తించగలదు? తప్పు గోడను తాకి అందులోనే ఎందుకు కలసిపోదు?

ఈ ప్రశ్నకు సమాధానం రొట్టెల పులియబెట్టుటకు వాడే ఈస్టు నుండి లభించింది. 1979లో కాలిఫోర్నియాలో రాండీ షెక్‌మన్, పీటర్ నోవిక్‌లు ఒక విచిత్రమైన ఈస్టు రకాన్ని కనుగొన్నారు. వేడి కొంచెం పెంచితే చాలు, దాని ఎగుమతి ఆగిపోయి, కణం నిండా బుడగలు పేరుకొనేవి. అటువంటి రకాలను వెదికి, 1980 నాటికి ఎగుమతికి అవసరమైన 23 జన్యువులను వారు గుర్తించారు. వాటిలో సెక్-4 అనే జన్యువు ఒక చిన్న ప్రోటీనుకు సంబంధించినదని 1987లో తేలింది. దానికి పోలిన ప్రోటీన్లు మానవ కణాలలో కూడా ఉన్నాయి. వాటిని ర్యాబ్ ప్రోటీన్లు అంటారు. మనలో అవి 60 రకాలకు పైగా ఉన్నాయి. బుడగలు గమ్యపు పొరతో కలిసే విధానాన్ని జేమ్స్ రాత్‌మన్, నాడీకణాలలో ఆ కలయిక సరియైన క్షణంలో జరిగే తీరును థామస్ సూడాఫ్ వివరించారు. షెక్‌మన్‌తో కలిపి ఈ ముగ్గురికీ 2013లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

వెలిగి ఆరే దీపం

ర్యాబ్ ప్రోటీను చాలా చిన్నది. సుమారు 200 అమైనో ఆమ్లాల గొలుసు మడతపడి ఏర్పడుతుంది. దాని మధ్యలో ఒక గుంట ఉంటుంది. ఆ గుంటలో జి.టి.పి. అనే అణువు గాని, జి.డి.పి. అనే అణువు గాని ఇమిడి ఉంటుంది. రెండింటికీ భేదం ఒక్క ఫాస్ఫేటు మాత్రమే: మొదటిదానికి మూడు, రెండవదానికి రెండు. ఆ ఒక్క ఫాస్ఫేటుతోనే రవాణా యావత్తూ నడుస్తున్నది.

జి.టి.పి. ఇమిడి ఉన్నపుడు దాని మూడవ ఫాస్ఫేటు ప్రోటీనులోని రెండు మడతలను తనవైపు లాగి బిగించి ఉంచుతుంది. ఆ బిగువులో ప్రోటీను ఉపరితలం ఒక ప్రత్యేక రూపం పొందుతుంది. ఆ రూపాన్ని గుర్తించిన ఇతర ప్రోటీన్లు వచ్చి దానిని పట్టుకొంటాయి. మూడవ ఫాస్ఫేటు తెగిపోగానే మడతలు వదులై రూపం మారుతుంది, పట్టుకొన్నవి వదలివేస్తాయి. మొదటి స్థితిని దీపం వెలిగినట్లు, రెండవ స్థితిని ఆరినట్లు భావించవచ్చును.

ఈ దీపం తనంత తాను సరియైన సమయంలో వెలగదు, ఆరదు. అందుకు ఇద్దరు సహాయకులు కావాలి. వెలిగించే సహాయక ప్రోటీను ర్యాబ్‌ను పట్టుకొని, గుంటలోని జి.డి.పి. జారిపోయేటట్లు చేస్తుంది. కణంలో జి.డి.పి. కంటె జి.టి.పి. ఎన్నో రెట్లు అధికంగా ఉండటం వలన ఖాళీ అయిన గుంటలోకి జి.టి.పి.యే వచ్చి చేరుతుంది. ఆర్పే సహాయక ప్రోటీను మరొక పని చేస్తుంది. నీటి అణువు మూడవ ఫాస్ఫేటును విడగొట్టే చర్య ఒంటరి ర్యాబ్‌లో బహు నెమ్మదిగా జరుగుతుంది. ఈ సహాయకుడు అవసరమైన ఒకటి రెండు అమైనో ఆమ్లాలను అక్కడికి అందించి, ఆ చర్యను వేల రెట్లు త్వరితం చేస్తుంది.

ఇక్కడ మన తెలుగువాడొకరిని స్మరించుకొనడం ధర్మం. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలసి ఫాస్ఫేటును కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలసి, క్షయకరణం చెంది, నీలిరంగు నిచ్చుట ఆ పద్ధతికి ఆధారం. ఆ నీలి రంగును వెంబడించియే వారు కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏ.టి.పి.ని వేరుగా కనుగొన్నాడు. జి.టి.పి. ఆ ఏ.టి.పి.కి తోబుట్టువు. అడినిన్ స్థానంలో గ్వానిన్ ఉండటమే భేదం. ఒక ర్యాబ్ ఎంత వేగంగా ఆరుతున్నదో తెలుసుకొనుటకు నేటికీ వెలువడిన ఫాస్ఫేటును కొలవడం ఒక మార్గం. మాలిబ్డేటుతో వచ్చే రంగు ఆధారంగా నడిచే కొలతలు మా వంటి రసాయనశాస్త్రజ్ఞుల బల్లల మీద ఇప్పటికీ ఉన్నాయి.

ర్యాబ్‌కు మరొక విశేషమున్నది. దాని చివర, గంధకం గల రెండు అమైనో ఆమ్లాలకు, ఇరవై కార్బన్ల కొవ్వుతోకలు తగిలించబడి ఉంటాయి. ఆ తోకలు పొరలోని కొవ్వులో గుచ్చుకొని ర్యాబ్‌ను అక్కడ నిలబెడతాయి. దీపం ఆరిన తరువాత మరొక ప్రోటీను వచ్చి, ఆ తోకలను తన మడతలో దాచుకొని, ర్యాబ్‌ను పొర నుండి పైకిలాగి నీటిభాగంలోకి తీసుకొనిపోతుంది. అక్కడినుండి అది తిరిగి మొదటి పొరకు చేరి మరల వెలుగుతుంది. ఈ విధంగా ఒకే ర్యాబ్ అణువు ఎన్నోసార్లు అదే దారిలో పనిచేస్తుంది. వానకు గొడుగు పట్టి ఒక్కొక్కరిని వాకిలి నుండి బండి వరకు దాటించి, తిరిగి వచ్చేవాని పని వంటిది ఈ తోకలను దాచే ప్రోటీను పని.

ప్రయాణంలోని నాలుగు మజిలీలు

మొదటి మజిలీ బయలుదేరడం. అంతర్జీవద్రవ్యజాలం మీద సార్-1, గాల్జీ మీద ఆర్ఫ్-1 అనే చిన్న ప్రోటీన్లు వెలుగుతాయి. ఇవి ర్యాబ్‌లకు దాయాదులు. అవి వెలగగానే తొడుగు ప్రోటీన్లు వచ్చి పొర మీద పరచుకొని, దానిని వంచి బుడగగా మలుస్తాయి. పంపవలసిన సరుకు కూడా ఆ తొడుగుకు తగులుకొని బుడగలో చేరుతుంది. తరువాత దీపం ఆరి తొడుగు ఊడిపోతుంది. ఊడకపోతే బుడగ గమ్యపు గోడను తాకలేదు.

రెండవ మజిలీ నడక. బుడగ మీద వెలిగిన ర్యాబ్ ఒక మోటారు ప్రోటీనును పిలిచి తనకు తగిలించుకొంటుంది. ఆ మోటారు కణంలో పరచి ఉన్న పోగుల మీద అడుగులు వేస్తూ బుడగను లాగుతుంది.

మూడవది పట్టుకొనడం. గమ్యపు పొర మీద పొడుగాటి చేతుల వంటి ప్రోటీన్లు చాచుకొని ఉంటాయి. వెలిగిన సరియైన ర్యాబ్ కనబడితేనే అవి ఆ బుడగను పట్టుకొంటాయి. కొన్ని చోట్ల రెండు గుర్తులు ఒకేసారి కనబడాలి: ఒకటి ర్యాబ్, రెండవది ఆ పొరకు ప్రత్యేకమైన ఒక కొవ్వు అణువు. సందు పేరూ దర్జీ దుకాణం పేరూ రెండూ సరిపోయిన తరువాతనే తలుపు తట్టినట్లు!

నాలుగవది కలసిపోవడం. బుడగ మీద ఒక ప్రోటీను, గమ్యం మీద మరికొన్ని, జడ అల్లినట్లు ఒకదానితో ఒకటి మెలివేసుకొని రెండు పొరలను దగ్గరకు లాగి కలిపివేస్తాయి. ఇవే రాత్‌మన్ గుర్తించిన స్నేర్ ప్రోటీన్లు.

ఒక్కొక్క గదికి ఒక్కొక్క ర్యాబ్ ఉన్నది. ర్యాబ్-1 అంతర్జీవద్రవ్యజాలానికీ గాల్జీకీ మధ్య, ర్యాబ్-5 బయటినుండి లోనికి వచ్చిన సరుకు మొదట దిగే గదిలో, ర్యాబ్-7 ఆ సరుకు జీర్ణమయ్యే చోటికి పోయే దారిలో, ర్యాబ్-11 తిరిగి పైపొరకు పోయే దారిలో పనిచేస్తాయి. ఒక గది మీద ర్యాబ్-5 తొలగి దాని స్థానంలో ర్యాబ్-7 వచ్చినపుడు ఆ గది స్వభావమే మారిపోతుంది. మన దేశంలో ఎందరినో బాధించిన క్షయ క్రిమికి ఈ రహస్యం తెలుసు. తెల్లరక్తకణం దానిని మింగినపుడు, తాను ఉన్న గదిని ర్యాబ్-5 దశలోనే నిలిపివేసి, ర్యాబ్-7 రాకుండా అడ్డుపడుతుందని 1997లో వెల్లడయింది. జీర్ణం కావలసినది అక్కడే కాపురం పెడుతుంది.

హైదరాబాదు నుండి ఒక ఉదాహరణ

దీపం వెలగడం ఎంత ముఖ్యమో తగిన వేళకు ఆరడమూ అంతే ముఖ్యం. ర్యాస్ అనే మరొక చిన్న ప్రోటీను ఆరకుండా వెలిగి ఉండిపోవడమే అనేక క్యాన్సర్లలో కనిపించే లోపం. దీనికి విపర్యయంగా, వేళకు ముందే ఆరిపోతే ఏమవుతుందో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సి.సి.ఎం.బి.) లో జరిగిన పరిశోధన చక్కగా చూపింది.

ఆప్టిన్యూరిన్ అనే ప్రోటీను గొలుసులో 50వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు లైసిన్ వచ్చి చేరినవారిలో కొందరికి గ్లాకోమా వస్తుందని 2002లో తెలిసింది. కంటిలో ఒత్తిడి సాధారణంగా ఉన్నప్పటికీ దృష్టినాడి క్షీణించే రకమది. ఒక్క అమైనో ఆమ్లం మారితే చూపు పోవడం ఎందుకు? డాక్టర్ ఘనశ్యాం స్వరూప్ బృందం 2012లో ప్రకటించిన ఫలితాలు దీనికి కొంత సమాధానం ఇచ్చాయి. ఆప్టిన్యూరిన్ ఒక మధ్యవర్తి. ఒక చేత్తో ర్యాబ్-8ను, రెండవ చేత్తో ర్యాబ్-8ను ఆర్పే సహాయక ప్రోటీనును పట్టుకొని, వాటిని దగ్గరకు చేరుస్తుంది. మార్పు చెందిన ఆప్టిన్యూరిన్ ఈ మధ్యవర్తిత్వాన్ని శ్రుతి మించి చేస్తుంది. ర్యాబ్-8 ఉండవలసిన దానికంటె ఎక్కువగా ఆరిపోతుంది.

ఫలితం ఇనుము రవాణాలో కనబడింది. రక్తంలోని ఇనుమును కణంలోకి తెచ్చే గ్రాహక ప్రోటీను, పైపొర వద్ద ఇనుమును అందుకొని లోపలికి వెళ్ళి, దించి, నిమిషాలలో తిరిగి పైకి వస్తుంది. ర్యాబ్-8 ఆరిపోయిన కణాలలో ఆ తిరుగు ప్రయాణం దెబ్బతిన్నది. గ్రాహకం కొరత ఏమీ లేదు, అది ఉండవలసిన చోట లేదు. ఇటువంటి వ్యాధులన్నింటిలోనూ మనం గుర్తుంచుకొనవలసిన సూత్రం ఇదే: సరుకు తయారయింది, చేరలేదు.

వెండి ఛాయ జుట్టు

ఈ సూత్రానికి అన్నింటికంటె స్పష్టమైన, దుఃఖకరమైన నిదర్శనం గ్రిసెల్లి వ్యాధి. 1978లో పారిస్‌లో క్లోడ్ గ్రిసెల్లి తన సహచరులతో కలసి దీనిని వర్ణించాడు. నల్లని జుట్టు గల కుటుంబంలో పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే జుట్టు, కనుబొమలు వెండి ఛాయలో మెరుస్తాయి. అమ్మమ్మలు ముచ్చటపడి, ఎవరి పోలికో అని వెదకుతారు. తరువాత కొన్ని నెలలకో, ఒకటి రెండేళ్ళకో, తగ్గని జ్వరాలు, పెరిగిన కాలేయం, ప్లీహం, రక్తకణాల తగ్గుదల ప్రారంభమవుతాయి.

జుట్టు రంగుకూ జ్వరానికీ సంబంధమేమిటి? 2000 సంవత్సరంలో సమాధానం దొరికింది. ఈ వ్యాధిలో రెండవ రకానికి కారణం ర్యాబ్-27ఏ అనే ఒకే ఒక చిన్న ప్రోటీను లోపించడం. రంగు కణాలలో మెలనిన్ నిండిన సంచులు తయారవుతాయి. అవి కణం అంచుకు చేరి, అక్కడినుండి వెంట్రుకలోనికి అందించబడాలి. అంచు వద్ద వాటిని పట్టి ఉంచేది ఒక త్రయం: సంచి మీద ర్యాబ్-27ఏ, దానిని పట్టుకొన్న మెలనోఫిలిన్, దానికి తగులుకొన్న మయోసిన్-5ఏ అనే మోటారు. ర్యాబ్-27ఏ లేనపుడు సంచులు కేంద్రకం చుట్టూ కుప్పపడి ఉండిపోతాయి. వెంట్రుకలోనికి రంగు సమంగా కాక ముద్దలు ముద్దలుగా పోతుంది. అందువల్లనే ఆ వెండి ఛాయ. రంగు సంచిలోనికి కావలసిన ప్రోటీన్లు చేరుటకు మరొక ర్యాబ్, అనగా ర్యాబ్-9ఏ అవసరమని బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో గంగిశెట్టి సుబ్బారావుగారి ప్రయోగశాల 2016లో చూపింది. ఒక వెంట్రుక నల్లగా ఉండటం వెనుక ఇన్ని చేతులు ఉన్నాయి.

ఇక రక్షణ కణాల సంగతి. క్రిములు సోకిన కణాలను చంపే తెల్లరక్తకణాలలో విషపు సంచులు ఉంటాయి. శత్రువు ఎదురైనపుడు ఆ సంచులు అటువైపు పొరకు చేరి, అంటుకొని, విషాన్ని విడుదల చేయాలి. అంటుకొనే ఘట్టంలో కావలసినది ఇదే ర్యాబ్-27ఏ. అది లేని బిడ్డలో సంచులు శత్రువు వైపు కదులుతాయి గాని, చివరి మెట్టు ఎక్కలేవు. ఆయుధం చేతిలో ఉన్నా దెబ్బ పడదు. సోకిన కణం చావదు కనుక పోరాటపు సంకేతాలు ఆగవు. రక్షణ వ్యవస్థ అదుపు తప్పి, స్వంత రక్తకణాలనే మింగివేసే దశకు చేరుతుంది. సకాలంలో చికిత్స అందకపోతే బాల్యంలోనే ప్రాణాపాయం. శాశ్వత చికిత్స ఎముక మూలుగ మార్పిడి. అది విజయవంతమైన తరువాత బిడ్డ ఆరోగ్యంగా ఎదుగుతుంది గాని, జుట్టు వెండి ఛాయలోనే ఉంటుంది. మూలుగ మార్పిడితో రక్తకణాలు మారుతాయి, రంగు కణాలు మారవు.

మయోసిన్-5ఏ లోపిస్తే వచ్చేది మొదటి రకం, అందులో నాడీమండలం దెబ్బతింటుంది. మెలనోఫిలిన్ లోపిస్తే వచ్చే మూడవ రకంలో రంగు మార్పు తప్ప వేరే బాధ లేదు. కనుక వెండి జుట్టు చూడగానే బెంబేలు పడనక్కరలేదు, నిర్లక్ష్యమూ పనికిరాదు. మొదటి పరీక్ష చాల సులభం: ఒక వెంట్రుకను సాధారణ సూక్ష్మదర్శిని క్రింద పెడితే రంగు ముద్దలు కనబడతాయి. రకం నిర్ణయించుటకు జన్యుపరీక్ష అవసరం.

మేనరికం – ఒక చిన్న లెక్క

ఈ వ్యాధి రావాలంటే బిడ్డకు తల్లినుండి, తండ్రినుండి కూడా లోపమున్న జన్యువే రావాలి. ఒక్కటి మంచిదైనా చాలు, మనిషి సంపూర్ణ ఆరోగ్యవంతుడు. అటువంటివారిని వాహకులంటారు. వారికి తాము వాహకులమని తెలిసే అవకాశం లేదు. లోపమున్న జన్యువు చాల అరుదు కాబట్టి ఇద్దరు వాహకులు దంపతులు కావడం మరీ అరుదు. కాని వారిద్దరికీ తాత ఒక్కరే అయినపుడు లెక్క మారుతుంది.

ఒక తాతగారు వాహకుడనుకొందాం. ఆయన కొడుకుకు ఆ జన్యువు రావడానికి అవకాశం రెండింట ఒకటి, మనుమనికి నాలుగింట ఒకటి. కూతురి ద్వారా మనుమరాలికీ నాలుగింట ఒకటి. ఆ మనుమనికీ మనుమరాలికీ పెళ్ళి అయితే ఇద్దరూ వాహకులయ్యే అవకాశం 16లో ఒకటి. వారి బిడ్డకు రెండు లోపపు జన్యువులు చేరే అవకాశం దానిలో నాలుగవ వంతు, అనగా 64లో ఒకటి. మేనమామ తన అక్క కూతురిని చేసుకొన్నచోట తరం ఒకటి తగ్గుతుంది కనుక అది 32లో ఒకటి. అదే మనుమడు బంధుత్వం లేని పిల్లను చేసుకొని, ఆ జన్యువు లోకంలో 500 మందిలో ఒకరికి ఉన్నదనుకొంటే, బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 8,000లో ఒకటి మాత్రమే. 500 అన్నది లెక్క కోసం తీసుకొన్న అంకె. జన్యువు ఎంత అరుదైతే ఈ తేడా అంత పెరుగుతుంది.

ఈ లెక్కను సరిగా అర్థం చేసుకొనాలి. మేనరికపు దంపతులలో అత్యధికుల బిడ్డలు ఆరోగ్యవంతులే. మన పెద్దలు ఆస్తి, ఆప్యాయత రెండూ ఇంటిలోనే నిలవాలని ఈ సంబంధాలు కలిపారు, వారిని నిందించడం నా అభిమతం కాదు. అయితే తాతగారు వాహకుడా అన్న ప్రశ్నకు వారి కాలంలో సమాధానం తెలుసుకొనే సాధనం లేదు, నేడు ఉన్నది. కుటుంబంలో కారణం తెలియకుండా పసిబిడ్డలు పోయిన చరిత్ర ఉన్నపుడు, ముఖ్యంగా ఆ బిడ్డల జుట్టు రంగు వేరుగా ఉండేదని ఎవరైనా చెప్పినపుడు, నిశ్చితార్థానికి ముందే జన్యు సలహా తీసుకొనడం వివేకం.

మనం నివసించే ఈ దేశంలోను దగ్గరి బంధువుల వివాహాలు ఆచారమే. ఇక్కడివారు ఆ విషయాన్ని దాచకుండా ఎదుర్కొంటున్నారు. అరబ్బు ప్రజలలోని జన్యువ్యాధుల వివరాలను సేకరించి క్రోడీకరించుటకు 2003లో దుబాయిలో అరబ్ జీనోమిక్ అధ్యయన కేంద్రం ఏర్పడింది. 2025 జనవరి నుండి ఎమిరేట్స్ పౌరులకు వివాహపూర్వ పరీక్షలలో జన్యుపరీక్షను తప్పనిసరి చేశారు. మన రాష్ట్రాలలో అటువంటి నిబంధన లేకపోయినా వసతులు ఉన్నాయి. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో వైద్య జన్యుశాస్త్ర విభాగమూ, డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్, వ్యాధి నిర్ధారణ కేంద్రంలో (సి.డి.ఎఫ్.డి.) పరీక్షలూ అందుబాటులో ఉన్నాయి. సెలవులకు వెళ్ళినపుడు పెళ్ళిచూపుల జాబితాలో ఈ పనిని కూడా చేర్చుకొనవచ్చును.

ఇప్పటికే ఒక బిడ్డను కోల్పోయిన దంపతులు తమ రక్తనమూనాలను, వీలైతే బిడ్డ వైద్య కాగితాలను, భద్రపరచుకొనాలి. లోపం ఏ జన్యువులో ఉన్నదో ఒకసారి తెలిస్తే, తరువాతి గర్భంలో బిడ్డకు అది సంక్రమించినదా లేదా అన్నది తొలినెలలలోనే పరీక్షించవచ్చును. వ్యాధి ఉన్నదని ముందే తెలిసిన శిశువుకు మూలుగ మార్పిడి, జబ్బు ముదరకముందే చేయగలిగితే ఫలితాలు మెరుగుగా ఉంటాయి. మూలుగ సరిపడే దాత తోబుట్టువులలో దొరికే అవకాశం ఎక్కువ. అయితే ఆ తోబుట్టువుకు కూడా ఇదే లోపం లేదని ముందుగా నిర్ధారించుకొనాలి.

రెండు వందల అమైనో ఆమ్లాల ఒక చిన్న ప్రోటీను ఒక సంచిని ఒక పొర దగ్గరకు చేర్చడం, ఆ పని ముగియగానే ఒక ఫాస్ఫేటును వదలివేయడం, ప్రతి క్షణం మన శరీరంలో కోట్ల సార్లు జరుగుతూనే ఉన్నది. ఈ సంచికను పిల్లలు కూడా చదువుతారు కనుక ఒక మాట: పై లెక్కలోని 64లో ఒకటి ఎట్లా వచ్చిందో వారిని కాగితం మీద వంశవృక్షం గీసి చూపమనండి. ఆ వృక్షంలో తాతమ్మల పేర్లు, చిన్నతనంలో పోయినవారి పేర్లు, పోవడానికి చెప్పుకొనే కారణాలు కూడా పెద్దలనడిగి వ్రాయించండి. ఏ వైద్యుడైనా, ఏ జన్యు సలహాదారైనా మొదట అడిగేది ఆ కాగితమే.